తిమ్మక్క అడిగిన నకలు

నల్లకోటు విప్పి ఏడాది దాటింది. వనపర్తిలో పుట్టాను గానీ, తల నెరిసింది మాత్రం గద్వాల కోర్టు మెట్లు ఎక్కుతూ దిగుతూనే. మొన్న కొత్తగా వకాలత్‌లోకి వచ్చిన ఇద్దరు అమ్మాయిలు ఇంటికొచ్చారు. పోలీసు రికార్డుల నకళ్లు తెప్పించడంలో మీకు పేరుంది, ఆ కిటుకేమిటో చెప్పమన్నారు. కిటుకు ఏమీ లేదని చెప్పి, టీ తాగించి పంపేశాను. వాళ్లు వెళ్లాక మనసు ఊరుకోలేదు. కిటుకు లేదన్న మాట నిజమే, కానీ చెప్పాల్సింది మాత్రం ఉంది.

నేను గెలిచిన కేసులు ఇక్కడ రాయను. అవి గెలిచినవాళ్లకు గుర్తుంటే చాలు. ఏ సెక్షన్ కింద ఏం అడగాలో పుస్తకాల్లో దొరుకుతుంది, ఈ మధ్య ఆ నంబర్లూ మారాయి, మీరే చదువుకోండి. ఠాణా ముందు కాగితం కోసం నిలబడే మనిషి గురించి మాత్రం రాస్తాను. ఠాణాల పేర్లు రాయను. వాటిలో పనిచేసినవాళ్లు నాకు శత్రువులు కారు.

మా సీనియర్ నేర్పింది

మా సీనియర్ పాతకాలం మనిషి. సగం ఉర్దూ, సగం తెలుగు. కోపం ముక్కు మీదే ఉండేది. నేను చేరిన కొత్తలో ఒక ఎఫ్ఐఆర్ నకలు తెమ్మని ఠాణాకు పంపాడు. పొద్దున పోయిన దాన్ని మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చుని ఉత్త చేతులతో తిరిగొచ్చాను. ఏమని అడిగావన్నాడు. కేసు కాగితాలు కావాలని అడిగానన్నాను.

"గట్ల అడిగితె వాడు ఏ కాయిదాలంటడు, నువ్వు నీళ్లు నములుతవు. ఏ కాయిదం, ఎప్పటిది, ఎవరు రాసింది, ఈ మూడు నోట్లె పెట్టుకోని పో. అప్పుడు లేదనెటందుకు వానికి జాగ ఉండదు."

ముప్పై ఏళ్లు ఆ మాట మీదే బతికాను. సమాచార హక్కు చట్టం వచ్చాక కూడా ఆ మాటకు విలువ తగ్గలేదు. 'ఈ కేసుకు సంబంధించిన మొత్తం రికార్డులు' అని దరఖాస్తు పెట్టేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ దరఖాస్తుకు ఒక్క వాక్యంతో జవాబొస్తుంది, అంతటితో సరి. ఫలానా ఠాణా, ఫలానా నెలలు, ఫలానా రకం కాగితం అని అడగండి. ఫిర్యాదు ఇచ్చిన మనిషికి ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలని ఉంది. అది బతిమాలి తీసుకునేది కాదు.

కాగితం ఎట్లా అడగాలో మా సీనియర్ బాగా నేర్పాడు. ఎవరికి ఎందుకు కావాలో మాత్రం ఆయనా పట్టించుకోలేదు. ఆయన లెక్కలో నకలంటే కోర్టులో పనికొచ్చే వస్తువు. నాకు ఆ లెక్క తప్పని చెప్పింది మానవపాడు వైపు నుంచి వచ్చిన ఒక మిరప రైతు. బోరు మోటారు దొంగలెత్తుకుపోతే ఫిర్యాదు ఇచ్చాడు, నకలు ఇప్పించమని నా దగ్గరికి వచ్చాడు. ఇప్పించాను. మోటారు దొరకలేదు, దొంగా దొరకలేదు. చాన్నాళ్ల తర్వాత సంతలో కనపడితే, ఆ నకలు ఇంకా దాచావా అని నవ్వులాటకు అడిగాను. ప్లాస్టిక్ కవర్లో పెట్టి దేవుడి పటాల వెనుక దాచాడట. "మోటరు పోతె పాయె లాయరమ్మా. నేను చెప్పింది వాళ్లు రాసుకున్నరు గద" అన్నాడు. అప్పుడు నవ్వాను. తర్వాత తిమ్మక్క వచ్చేదాకా ఆ మాట నాకు సరిగ్గా ఎక్కలేదు.

చామనఛాయ

మనిషి తప్పిపోయాడని ఇచ్చిన ఫిర్యాదుల నకళ్లు మీ చేతికి చాలా వస్తాయి. వరసబెట్టి చదివితే ఒకే మనిషి మాటిమాటికీ తప్పిపోతున్నాడేమో అనిపిస్తుంది. చామనఛాయ, కోలముఖం, సామాన్య శరీరం, ఐదున్నర అడుగుల ఎత్తు. గుర్తుతెలియని శవం దొరికితే రాసే పంచనామాలోనూ అవే మాటలు. ఎప్పుడో ఎవరో రాసిన దాన్ని చూసి తర్వాతివాడు, వాడిని చూసి ఇంకొకడు రాసుకుంటూ వచ్చారు.

ఠాణాలో రాతపని చూసే హెడ్ కానిస్టేబుల్‌ను అందరూ రైటర్ అంటారు. అట్లాంటి ఒక రైటర్‌ను, ఆ పనిలోనే ముసలివాడైన పెద్దమనిషిని, ఈ విషయం మీద గట్టిగానే నిలదీశాను. ఈ జిల్లాలో సగం మంది చామనఛాయే కదా, ఇట్లా రాస్తే పోయినవాడు ఎట్లా దొరుకుతాడన్నాను.

ఆయన నొచ్చుకోలేదు. "మనిషి పోయినోళ్లు ఏడ్సుకుంట వస్తరమ్మా. ఎట్లుంటడని అడిగితె మంచోడు సారూ అంటరు. మంచోడు అని రాస్తె ఎవడన్న దొరుకుతడా? అందుకే చామనఛాయ అని రాస్త."

ఆ వర్ణన మొత్తంలో నిజంగా పనికొచ్చే వరుస ఒక్కటేనని, 'గుర్తింపు మచ్చలు' అన్న చోట ఏం రాశారో అదే చూడమని ఆయనే చెప్పాడు. ఒక ఠాణా నుంచి ఇంకో ఠాణాకు కబురు పోయినా వాళ్లు ముందుగా సరిచూసుకునేది దాన్నేనట.

అత్తా కోడలు

గద్వాల దగ్గర ఒక నేతగాళ్ల ఊరు. అక్కడి రాఘవేంద్ర పొద్దున జరీ తెస్తానని ఇంట్లోంచి బయలుదేరి మళ్లీ రాలేదు. ఇంటర్ దాకా చదివాడు, మగ్గం మీద కూర్చునే ముందు తల్లికి పేపరు చదివి వినిపించేవాడట. తాగుడు లేదు, ఇంట్లో కొట్లాట లేదు. అతడి భార్య మంజుల, తల్లి తిమ్మక్క నా దగ్గరికి వచ్చేసరికి అతడు పోయి రెండో ఏడు నడుస్తోంది.

గద్వాల చీర అంచు వేరే పోగుతో కలిపి నేసేటప్పుడు మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. భర్త పక్కన మంజుల కూర్చునేది. అతడు పోయాక అతడి చోట మంజుల, మంజుల చోట తిమ్మక్క కూర్చున్నారు. అప్పటి నుంచీ ఒకే మగ్గం మీద, భుజానికి భుజం తగిలేంత దగ్గరగా ఉన్నారు. ఇది ఎందుకు చెబుతున్నానో ముందు ముందు మీకే తెలుస్తుంది.

ఏం కావాలమ్మా అని అడిగితే మంజుల తల వంచుకునే చెప్పింది.

"పెత్రమాస నాడు పొద్దుగాల ఆయన పేరు మీద బియ్యం ఇయ్యనీయరు లాయరమ్మా, బతికే ఉన్నడేమో అంటరు. అదే పొద్దుమీకి బతుకమ్మ కాడికి పోతె పక్కకు జరుగుతరు, సచ్చిపోయిండేమో అంటరు. ఏదో ఒకటి తేల్చి చెప్పే కాయిదం కావాలె నాకు."

పోయినవాళ్లందరికీ బియ్యం, కూరగాయలు ఇచ్చి తలుచుకునే అమావాస్య అది. ఆ సాయంత్రమే బతుకమ్మ మొదలవుతుంది. ఒకే రోజున రెండు గడపల దగ్గరా ఆగిపోయిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఆమె బొట్టు పెట్టుకుంది, అది కూడా భయపడుతూ పెట్టుకున్నట్టు చాలా చిన్నగా ఉంది.

తప్పిపోయినప్పుడు ఇచ్చిన ఫిర్యాదు నకలు వాళ్ల దగ్గరే ఉంది. చామనఛాయ, కోలముఖం. గుర్తింపు మచ్చలు లేవు. అలవాటుగా మళ్లీ అడిగాను, ఒంటి మీద మచ్చలేమైనా ఉన్నాయా అని. మంజుల నోరు తెరిచేలోపే తిమ్మక్క అందుకుంది. "ఏం లేవమ్మా, కడిగిన ముత్యమోలె ఉంటడు నా కొడుకు" అంది. మంజుల నేలచూపులు చూసింది. అత్త మాటకు కోడలు ఎదురుచెప్పలేదు, నేనూ ఇంకో ప్రశ్న వేయలేదు. మీరు మాత్రం వేయండి. ఇంటివాళ్లను విడివిడిగా కూర్చోబెట్టి అడగండి.

మూడు జిల్లాలు

వెనుక ఇదంతా ఒకే జిల్లా. ఇప్పుడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ విడివిడి జిల్లాలు కాబట్టి మూడు పోలీసు ఆఫీసులకు మూడు దరఖాస్తులు పెట్టాను. అతడు పోయిన నెల, దాని తర్వాతి రెండు నెలల్లో దొరికిన గుర్తుతెలియని మగ శవాలకు రాసిన పంచనామా నకళ్లు ఇవ్వమని అడిగాను. అంతకు మించి ఒక్క ముక్క అడగలేదు.

ఒక చోట నుంచి గడువు లోపలే కాగితాలు వచ్చాయి. ఒక చోట నుంచి ఉలుకూ పలుకూ లేదు, గడువు దాటిందని గుర్తుచేశాక పంపారు. మూడో చోట, కేసులు దర్యాప్తులో ఉన్నందున ఇవ్వలేమని రాశారు. ఈ మూడో జవాబు మీకు తరచుగా వస్తుంది. భయపడొద్దు, కోప్పడొద్దు. దర్యాప్తులో ఉంటే చాలదు, నకలు ఇస్తే దర్యాప్తుకు అడ్డం ఎట్లా వస్తుందో వాళ్లు చెప్పాలి. ఆ ఒక్క ప్రశ్నతో అప్పీలు పెట్టాను.

అప్పీలు విన్న అధికారి వయసులో చిన్నవాడే, మర్యాద తెలిసినవాడు. ఆ శవాల్లో ఆమె భర్త ఉన్నాడని మీకేం నమ్మకం అని అడిగాడు. నమ్మకం లేదని, అతడు కాదని తెలిసినా ఆమెకు వెతికే చోటు ఒకటి తగ్గుతుందని చెప్పాను. ఆయన నా దరఖాస్తు ఇంకోసారి చదివి, ఇచ్చేయమని పక్కనున్నవాళ్లకు చెప్పాడు. ఠాణాల్లో రాతి గుండెలే ఉంటాయని అనుకుని పోకండి. తలుపు తట్టాల్సిన చోట గోడను గుద్ది లాభం లేదు.

ఈలోగా మంజుల శ్రీరంగాపురం వెళ్లి రంగనాయకస్వామికి మొక్కుకుని వచ్చింది. ఏమని మొక్కుకున్నావమ్మా అంటే, ఏమని మొక్కుకోవాలో తెలియక ఊరికే దండం పెట్టుకుని వచ్చానంది.

నిండు చేతుల చొక్కా

కాగితాలు వచ్చాక ఇద్దర్నీ పిలిపించాను. ఒక్కొక్కటే చదివి వినిపిస్తూ పోయాను. కాలువలో దొరికినవాడు ముసలివాడు. రైలు పట్టాల పక్కన దొరికినవాడికి జుట్టు నెరిసింది. ఆ పని ఎంత పాడు పనో చేసినవాళ్లకే తెలుస్తుంది. ఇతడు మీవాడు కాదని చెప్పిన ప్రతిసారీ వాళ్లు ఊపిరి పీల్చుకునేవాళ్లు, మరుక్షణం మళ్లీ బిగబట్టేవాళ్లు.

తర్వాతిది పక్క జిల్లాలో ఒక బస్టాండు బెంచీ మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ప్రాణం పోయిన మనిషిది. గుండె ఆగి పోయాడని డాక్టరు రాశాడు. చామనఛాయ, కోలముఖం. ఎడమ చేతికి మణికట్టు నుంచి మోచేయి దాకా తెల్లమచ్చలు. జేబులో దువ్వెన, బస్సు టికెట్టు, కాగితంలో పొట్లం కట్టిన ఆకు మందు.

మంజుల తన ఎడమ చేతిని కుడిచేత్తో పట్టుకుంది. "నిండు చేతుల చొక్కానా లాయరమ్మా?"

కాగితం మళ్లీ చూశాను. నిండు చేతుల చొక్కా అనే ఉంది, అదీ నడివేసవిలో.

"ఎండకాలంల గూడ నిండు చేతులే ఏస్తుండె" అంది మంజుల. ఎవరో బొల్లికి పసరు మందు ఇస్తారని అంతకు ముందు ఒకసారి తనతో అన్నాడట. ఎక్కడో చెప్పలేదు.

తిమ్మక్క మాత్రం మావాడు కాదంది. మావోనికి మచ్చల్లేవంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె నా ముఖం చూడలేదు, కోడలి ముఖం చూడలేదు. మంజుల ఏడవలేదు, అరవలేదు. "అత్తా" అని ఒక్క మాట పిలిచింది, అంతే.

అప్పుడు తిమ్మక్క చెప్పింది. రాఘవేంద్ర పోయిన కొద్ది రోజులకే ఊరి ఠాణా నుంచి కానిస్టేబుల్ ఇంటికి వచ్చాడు. పక్క జిల్లా దవాఖానలో ఒక శవం ఉంది, చేతికి తెల్లమచ్చలున్నాయి, మీవాడికేమైనా ఉన్నాయా అని గడపలో నిలబడే అడిగాడు. ఫిర్యాదులో మచ్చలు లేవని ఉన్నా మనసొప్పక వచ్చాడేమో. ఆ సమయానికి లోపల పెళ్లివారున్నారు. తిమ్మక్క కూతుర్ని చూడటానికి ముందే మాట అనుకున్నారు, రావద్దంటే కారణం అడుగుతారు. పిల్ల అన్న పని మీద ఊరెళ్లాడని వాళ్లతో చెప్పారు. బొల్లి ఉన్న ఇంట్లో పిల్లను ఎవరు చేసుకుంటారన్న భయంతో ఆ ఇంట్లో ఆ మాటే ఎత్తేవారు కారు. ఫిర్యాదులో మచ్చలు లేవని రాయించిందీ అందుకే. మంజుల ఆ రోజు ఇంట్లో లేదు. భర్తను వెతుక్కుంటూ తమ్ముడితో రాయచూరు వైపు పోయింది.

"లోపటోళ్లకు ఇనపడాలెనని గట్టిగనే చెప్పిన. మా ఇంట్ల ఆ రోగం ఎవలికీ లేదు, పో నాయనా అన్న. ఆ పిలగాడు పోయిండు."

ఆ శవాన్ని ఇంకొక రోజు ఉంచారు. ఎవరూ రాకపోతే మున్సిపాలిటీవాళ్లు పూడ్చారు.

"మగ్గం మీద కూసుంటె వాడే అనిపిస్తుండె. మగ్గం దిగితె కాదనుకుంటుంటి. వాడే అంటె సచ్చినట్టు గద. కాదంటె యాడనో ఉన్నట్టు గద" అంది తిమ్మక్క.

దాచకుండా రాస్తున్నాను. నాకు ఆ ముసలామె మీద పట్టలేనంత కోపం వచ్చింది. వసారాలోకి వెళ్లి నిలబడ్డాను. కూతురి పెళ్లి అయిపోయాకైనా చెప్పి ఉండొచ్చు కదా అనుకున్నాను. ఆ కానిస్టేబుల్ మీదా కోపం వచ్చింది. ఒక ఫోటో చూపించి ఉంటే, గడప దాటి లోపలికి వచ్చి కూర్చుని ఉంటే, తల్లిని పక్కకు పిలిచి మెల్లగా అడిగి ఉంటే సరిపోయేది. గడపలో నిలబడి అడిగిన మాటకు గడపలో చెప్పే జవాబే వస్తుంది. తిరిగి లోపలికి వచ్చేసరికి మంజుల కింద కూర్చుని అత్త కాళ్ల దగ్గర తల ఆనించి ఉంది. తిమ్మక్క చేయి ఆమె తల మీద ఉంది. వాళ్ల మధ్య ఆ కాసేపట్లో ఏం జరిగిందో నాకు తెలియదు, నేను అడగలేదు.

కొట్టివేత

పక్క జిల్లా ఠాణాలో బట్టలు, ఫోటో చూసి మంజుల గుర్తుపట్టింది. పూడ్చిన చోటు చూపించమంటే ఒక మట్టిదిబ్బల వరుస చూపించి, ఈ పక్కనే అన్నారు. ఏది అతడిదో వాళ్లకూ తెలియదు. మంజుల ఆ వరుస పొడవునా నడిచి వచ్చింది. గుర్తుతెలియని మగ శవం అని రాసి ఉన్న కేసులో అతడి పేరు, తండ్రి పేరు, ఊరు చేర్చారు. ఆ నకలు ఆమె చేతికి ఇచ్చాను. ఆమె అడిగింది అదే. నా వృత్తిలో అడిగింది అడిగినట్టు ఇప్పించగలిగిన సందర్భాలు తక్కువ. అది ఇప్పించిన రోజున ఇంటికి పోయి అన్నం తినలేకపోయాను.

కొన్నాళ్లకు తిమ్మక్క ఒక్కతే వచ్చింది. ఠాణాలో రాసుకున్న కాగితంలో మచ్చల్లేవని తాను చెప్పిన మాట కొట్టేయించమంది.

"ఠాణాల రాసుకున్నది కొట్టేసెటందుకు ఉండదవ్వా. ఇంకో వాంగ్మూలం ఇచ్చి దాని పక్కన పెట్టియ్యొచ్చు, అంతే" అన్నాను.

"గట్లనే కానీయమ్మా. పక్కకే పెట్టు."

ఆ ఊరి ఠాణాకు తీసుకుపోయాను. నేను ఒకప్పుడు చామనఛాయ గురించి నిలదీసిన రైటరే అప్పుడు అక్కడున్నాడు, ఇంకొన్నాళ్లలో రిటైరవుతాడు. కేసు మూసేశాక ఈ వాంగ్మూలంతో పనేముందని ఆయన అనొచ్చు. అనలేదు. ఆమెకు కుర్చీ వేయించి, కలం తీసి, చెప్పమ్మా అన్నాడు. అలవాటైన ఠాణా మాట ఒక్కటీ కలపకుండా ఆమె చెప్పింది చెప్పినట్టే రాసుకున్నాడు. నా కొడుకు రాఘవేంద్రకు ఎడమ చేతికి తెల్లమచ్చలుండె. బడికి పోయేకాన్నుంచే ఉండె. వాడు వాని తప్పు లేకుంటనే చేతులు దాసుకోని తిరిగిండు. మచ్చల్లేవని చెప్పింది నేను. చదివి వినిపించాక తిమ్మక్క వేలిముద్ర వేసింది. వేలికంటిన సిరా చీర కొంగుకు తుడుచుకుంది.

లేచి వెళ్తుందనుకున్నాను. లేవలేదు.

"నాకో నకలు ఇప్పియ్యి లాయరమ్మా."

ముప్పై ఏళ్లలో నా చేతుల మీదుగా ఎన్ని నకళ్లు పోయాయో చెప్పలేను. చాలామంది అడిగింది అవతలివాడు ఏం చెప్పాడో, పోలీసులు ఏం రాశారో చూపించమనే. తాను చెప్పిన తప్పును తన చేతికే ఇవ్వమని అడిగిన మనిషి ఈమె ఒక్కతే.

రైటర్ మెల్లగా అడిగాడు. "నీకు సదువు రాదు గదవ్వా, ఏం జేసుకుంటవు?"

"పెత్రమాసకు వాని పేరు మీద బియ్యం ఇస్తం గద సారూ. ఆ బియ్యం కింద పెడ్త. నాకు రాకపోతె ఏమాయె, వానికి సదువొస్తది."

రైటర్ కుర్చీలోంచి లేచాడు. కాగితం తీసుకుని జిరాక్సుకు తానే వెళ్లాడు.